పక్క కుర్చీ

అల్ అహ్సా అనగానే ఎవరికైనా ఖర్జూరపు తోటలు గుర్తొస్తాయి. నాకు డయాలసిస్ కుర్చీలు గుర్తొస్తాయి.

2012 జూన్‌లో, జెడ్డాలో ఒక రోగి కఫంలో ఈజిప్టు వైరాలజిస్టు అలీ మొహమ్మద్ జాకీ ఒక కొత్త కరోనా వైరస్‌ని కనిపెట్టారు. దానికి మెర్స్ అన్న పేరు ఖాయమైంది 2013 మేలో. పేరు పెట్టేలోపే అది అల్ అహ్సా ఆసుపత్రుల్లో తిరుగుతోంది. 2013 ఏప్రిల్ 1 నుంచి మే 23 వరకు 23 మందికి సోకిందనీ, జూన్ 12 నాటికి వాళ్లలో 15 మంది పోయారనీ పరిశోధకులు తర్వాత లెక్క తేల్చారు. 21 మందికి ఆసుపత్రుల్లోనే, మనిషి నుంచి మనిషికి అంటింది. డయాలసిస్‌కి వచ్చే ఒకే రోగి నుంచి ఏడుగురికి.

డయాలసిస్‌లో పనిచేసినవాళ్లకి ఇదెలా జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, అవే కుర్చీలు, అవే ముఖాలు. ఒకరికి జ్వరమొస్తే ముందు కాథెటర్ ఇన్ఫెక్షనే అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కూడా. చిక్కంతా అక్కడే. మొదటి జవాబు దొరికాక రెండో ప్రశ్న వేయం.

ఆ ఏడాదే నేను రియాద్‌లో ఒక యూనిట్‌కి చార్జ్ నర్సుని. ఒక సాయంత్రం ఒక పెద్దాయన జ్వరంతో వచ్చాడు. డాక్టరు ఫోన్లోనే యాంటీబయాటిక్ చెప్పి, మెషిన్ మీద పెట్టేయమన్నారు. పెట్టకపోతే పొటాషియం పెరిగి గుండెకే ముప్పు. పెడితే అటొకరు, ఇటొకరు. ఆయన రెండుసార్లు దగ్గాడు. కాథెటర్ సరే, మరి దగ్గెందుకు? మళ్లీ ఫోన్ చేశాను. ఆయనకి మాస్కు పెట్టి, విడిగా కూర్చోబెట్టి, ఆఖరి షిఫ్టులో డయాలసిస్ చేశాం. అంతకుముందు ఆయన పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకున్నాను.

టెస్టులో మెర్స్ కాదని తేలింది. "అనవసరంగా హడావుడి చేశావు సిస్టర్," అన్నారు పైవాళ్లు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. కానీ ఆ సాయంత్రం నా చేతిలో రిపోర్టు లేదు, దగ్గు మాత్రమే ఉంది. తర్వాత తెలిసినదాన్ని పట్టుకుని ముందు తీసుకున్న నిర్ణయాన్ని తూచకూడదని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

అల్ అహ్సాలో జబ్బుని ఆపింది కూడా కొత్త మందేం కాదు. చేతులు కడుక్కోవడం, డయాలసిస్ రోగులందరికీ మాస్కులు, జ్వరమున్నవాళ్ల దగ్గర ప్రత్యేక జాగ్రత్తలు, అవసరం లేనివాళ్లని లోపలికి రానివ్వకపోవడం, శుభ్రం చేయడం. అయినా 2014లో జెడ్డా ఆసుపత్రుల్లో మళ్లీ అదే కథ నడిచింది.

అందుకే ఇన్‌ఛార్జిగా కొత్తగా వచ్చే అమ్మాయిలకి ఒక్కటే చెప్తాను: చార్టు చూశాక, పక్క కుర్చీ కూడా చూడండమ్మా.