కడుపు కూడా జబ్బేనా?

కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళడానికి మా ఊరి నుంచి ఒకామె హైదరాబాదు వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉంది. మాది కోనసీమ. అక్కణ్ణించి ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళడం కొత్త సంగతేమీ కాదు. వీసా రావాలంటే ముందు మెడికల్ పాసవ్వాలి. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. రక్తం తీసుకున్నారు. చిన్న సీసా చేతికిచ్చి మూత్రం పట్టుకు రమ్మన్నారు. ఎందుకని అడిగితే "ప్రెగ్నెన్సీకి" అందొక అమ్మాయి, తలెత్తకుండానే. పిల్లలు పుట్టకుండా ఆపరేషనయ్యి తొమ్మిదేళ్ళయిందని ఈవిడ చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాక అడిగింది: "టీబీకి చూశారు, ఎయిడ్స్‌కి చూశారు, సరే. కడుపు కూడా జబ్బేనా టీచరుగారూ?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కొన్నాళ్ళు ఆ పరీక్ష వెనకున్న చరిత్ర చదివాను. చదివినకొద్దీ ఆమె సరైన చోటే వేలు పెట్టిందనిపించింది.

మన తెలుగు స్త్రీలు పరాయి దేశానికి పనికి వెళ్తూ డాక్టరు ముందు నిలబడటం ఇవాళ మొదలైంది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్ వెళ్ళారు. వాళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళే. తెలుగువాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళు. మద్రాసు డిపోలో డాక్టరు చూసి "పనికొస్తారు" అని రాస్తేనే ప్రయాణం. నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. చెరకుతోటల యజమానులకి ఆ నలభైమందీ బరువుగానే తోచారు. మొదట్లో మగకూలీకి నెలకి పది షిల్లింగులిస్తే ఆడకూలీకి ఐదే ఇచ్చారు. శరీరాన్ని పనిగంటల్లో కొలిచేవాడికి ఆడదాని శరీరం ఎప్పుడూ తక్కువ తూగుతుంది. దానికి నెలతప్పడం ఉంటుంది, పురుడు ఉంటుంది, చంటిబిడ్డ ఉంటుంది.

కూలీల ఎగుమతి 1917లో ఆగింది. డాక్టరు బల్ల మాత్రం అక్కడే ఉంది. అరవై ఏళ్ళ తర్వాత దాని మీదికి ఎక్కవలసి వచ్చింది ఈసారి చదువుకున్న ఒక పంతులమ్మ.

1979 జనవరి 24న ముప్ఫై అయిదేళ్ళ భారతీయ ఉపాధ్యాయిని లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగింది. అక్కడుంటున్న వరుణ్ణి పెళ్ళి చేసుకోవడానికి వచ్చింది. అప్పటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం మూడు నెలల్లో పెళ్ళి చేసుకోబోయే స్త్రీకి ముందస్తు వీసా అక్కర్లేదు. పెళ్ళయిన భార్యయితే మాత్రం తన దేశంలోనే అనుమతి కోసం నెలల తరబడి కాచుకోవాలి. ఈమె వయసు చూసి అధికారులు అనుమానించారు. పెళ్ళయినదో కానిదో తేల్చడానికి "కన్యత్వ పరీక్ష" చేయించారు. ఆడ డాక్టరు కావాలని ఆమె అడిగితే కాదన్నారు. మగ డాక్టరే పరీక్షించాడు. ఆ తర్వాత మూడు నెలల తాత్కాలిక అనుమతి ఇచ్చి లోపలికి పంపారు.

ఆ డాక్టరుకి అధికారం ఎక్కణ్ణించి వచ్చింది? 1971 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం నుంచి. వచ్చేవాళ్ళని రేవుల్లో, విమానాశ్రయాల్లో వైద్యులు పరీక్షించవచ్చని అందులో ఉంది. ప్రజారోగ్యం కోసం పెట్టిన వీలది. ఆమెకి ఏ జబ్బూ లేదు, జబ్బు ఉందని ఎవరూ అనుమానించనూ లేదు. అయినా తెల్లకోటు ఉంది కనక అది వైద్యమైపోయింది. పెళ్ళికాని భారతీయ స్త్రీ కన్యగానే ఉండి తీరుతుందన్న వాళ్ళ ఊహే అక్కడ శాస్త్రం. కన్యత్వాన్ని తేల్చే పరీక్ష వైద్యంలో అసలు లేనే లేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటే చెప్పి, ఇలాంటివి ఎక్కడున్నా మానెయ్యాలంది.

ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. బ్రిటన్‌లోని ఆసియా, ఆఫ్రికా స్త్రీల సంఘాలు హీత్రోకి వెళ్ళి బైఠాయించాయి. ప్రభుత్వం ఆ పరీక్షలు ఆపేసింది. ఏదో ఒకటీ అరా జరిగిందన్నట్టు అప్పుడు మాట్లాడారు. 2011లో ఇద్దరు పరిశోధకులు పాత ఫైళ్ళు తిరగేస్తే కనీసం ఎనభైమందికి ఇలా జరిగినట్టు తేలింది. అందులో ఎక్కువ పరీక్షలు హీత్రోలో కాదు, మన దేశంలోని బ్రిటిష్ కార్యాలయాల్లోనే జరిగాయి.

ఇక్కడ నన్ను కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. ఆనాడు మన దేశంలో లేచిన కోపంలో స్త్రీ హక్కు కన్నా దేశం పరువు ఎక్కువ వినిపించింది. సరే, ఆమె కన్య కాదనే అనుకుందాం. అప్పుడా పరీక్ష న్యాయమైపోతుందా? అత్యాచార బాధితులకి "రెండు వేళ్ళ పరీక్ష" చెయ్యడం తప్పని మన సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. పరాయి సరిహద్దుని తిట్టడం సులువే.

ఇప్పుడు మళ్ళీ ఆ సీసా దగ్గరికి వద్దాం. గల్ఫ్ దేశాల వైద్య నిబంధనల్లో "అన్‌ఫిట్" కారణాల జాబితా ఉంటుంది. క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్‌ లాంటి వాటితోపాటు అదే జాబితాలో గర్భమూ ఉంటుంది. సింగపూర్‌లో ఇంటిపనికి వెళ్ళిన విదేశీ స్త్రీకి ఆరునెలలకోసారి గర్భపరీక్ష. ఉందని తేలితే పర్మిట్ రద్దు చేసి తిప్పి పంపేస్తారు. ఆ ఆరునెలల పరీక్షలోనే ఒంటిమీద దెబ్బల గుర్తులున్నాయేమో కూడా డాక్టరు చూడాలన్న నియమం 2021లో గాని రాలేదు. గర్భాన్ని అన్నేళ్ళు వెదికిన కళ్ళకి దెబ్బలు కనిపించడానికి అంతకాలం పట్టింది.

క్షయ పరీక్ష వద్దని నేననను. జబ్బుంటే ముందు తెలియాల్సింది ఆ మనిషికే. ఆ తర్వాత మందివ్వాలి. మానిపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే చాలు, బతుకుదెరువు పోతుంది. దాన్ని వైద్యం అనలేం, అది సరుకు ఏరడం. గర్భం విషయమయితే ఆ సాకు కూడా లేదు. ఉద్యోగానికి వచ్చిన స్త్రీకి గర్భపరీక్ష పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం చెబుతోంది. వలస స్త్రీలకి వాళ్ళ ఇష్టం లేకుండా చేసే ఈ పరీక్షల గురించి ఐక్యరాజ్యసమితి సీడా కమిటీ 2008లో ప్రత్యేకంగా రాసింది. కాగితాలు ఉన్నాయి. కానీ ఆటో కోసం నిలబడ్డ ఆ మనిషి దాకా అవి రాలేదు.

జబ్బు కాదని ఆమెకి ఆ తర్వాత చెప్పాను. ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ అందుబాటులో ఉండే రెండు చేతులు వాళ్ళకి కావాలనీ, ఆ చేతుల వెనక ఇంకో బతుకుంటుందని ఒప్పుకోవడం ఖర్చుతో కూడిన పనని అనుకుంటారనీ చెప్పాను. "అదేలెండి, తెలిసిందే" అని నవ్వింది.

ఆమె ఫిట్ అయ్యింది, వెళ్ళింది. నెల తర్వాత ఫోన్ చేసింది. అక్కడ దిగాక మళ్ళీ రక్తం తీశారట, మళ్ళీ ఎక్స్‌రే అట. రిపోర్టులో ఏమొచ్చిందని అడిగాను.

"కాయితం మా మేడమ్ చేతికిచ్చారండి. అందులో ఏముందో నాకు తెలీదు."