తయారీ ఆగిన యంత్రములు - విడిభాగముల కథ

1972వ సంవత్సరమున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునందు డేటన్ నగరవాసి యగు జాన్ ఫోల్కర్త్ తన వడ్రంగపు యంత్రమునకు ఒక విడిభాగము అవసరమై దానికొరకు వెదకెను. ఆ యంత్రము పేరు షాప్‌స్మిత్. జర్మనీనుండి అమెరికాకు వలసవచ్చిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ దానిని రూపొందించెను. 1947లో అది అంగళ్ళకు వచ్చినది. ఒకే మోటారుతో కొయ్యను కోయు రంపముగను, కొయ్యను గుండ్రముగ చెక్కు లేతుగను, నునుపుచేయు పళ్ళెముగను, నిలువుగ తొలుచు డ్రిల్లుగను, అడ్డముగ తొలుచు డ్రిల్లుగను ఐదు విధముల అది పనిచేయును. కాని 1960ల దశకములో దాని ఉత్పత్తి ఆగిపోయెను. ఫోల్కర్త్ వెదకిన భాగము దొరకలేదు. దానిని అమ్మవలసిన సంస్థయే అప్పటికి లేదు. తుదకు ఆయన ఆ యంత్రమునకు సంబంధించిన అచ్చులను, తయారీ సామగ్రిని కొని, కొత్త సంస్థను స్థాపించి, షాప్‌స్మిత్‌ను మరల తయారుచేయించెను.

ఒక విడిభాగము కొరకు ఒక తయారీ సంస్థనే నెలకొల్పుట అందరికి సాధ్యమగు పని కాదు. కాని ఆయనకు ఎదురైన చిక్కు మాత్రము ప్రతి చిన్న కార్ఖానాలోను కనిపించునదే. యంత్రములో పెద్ద భాగములు త్వరగా చెడవు. పోత ఇనుముతో చేసిన దిమ్మె ఏబది యేండ్లు గడచినను చెక్కుచెదరదు. అరిగిపోవునవి చిన్న భాగములే: బేరింగు, బెల్టు, కార్బన్ బ్రష్షు, పండ్లచక్రము, స్విచ్చి. వీటిలో ఒక్కటి దొరకకపోయినను యంత్రమంతయు మూలపడును. దానిపై బ్రతుకు వడ్రంగి పనియు ఆగిపోవును. అయితే తయారీదారు లేకుండపోయిన పిమ్మట కొన్ని భాగములు ఏ ఊరి అంగడిలోనైనను దొరకుచుండగా, మరికొన్ని ఎక్కడను దొరకకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము రెండువందల ఏండ్ల చరిత్రలో కలదు.

ఏ బోల్టునకు ఆ నట్టు

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బోల్టులకు, నట్లకు సామాన్యమైన కొలతలు లేవు. ఒక్కొక్క కార్ఖానా తనకు తోచిన రీతిని మర చుట్టుచుండెడిది. దీనినే కార్ఖానాలలో థ్రెడ్డు అందురు. ఒక బోల్టునుండి ఊడదీసిన నట్టు దాని ప్రక్కనున్న బోల్టునకు పట్టునను నమ్మకము లేదు. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే కచ్చితముగ మరలు కోయు లేతును నిర్మించి, ఒకే విధమైన మరలను ఎన్నియైనను కోయవచ్చునని నిరూపించెను. ఆయన కార్ఖానాలో పని నేర్చినవారిలో జోసెఫ్ విట్‌వర్త్ ఒకడు.

విట్‌వర్త్ ఇంగ్లండులోని అనేక కార్ఖానాలనుండి బోల్టులను సేకరించి, వాటి కొలతలను పోల్చి, సగటులు తీసి, 1841లో ఒక పద్ధతిని ప్రతిపాదించెను. మర కోణము 55 డిగ్రీలు. ప్రతి వ్యాసమునకు అంగుళమునకు ఇన్ని చుట్లని ఒక పట్టిక. అర అంగుళము బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. విట్‌వర్త్ ఏ ఒక్క కార్ఖానా మరను ఉత్తమమని ఎన్నుకొనలేదు. అందరి మరలకును దగ్గరగా నుండు కొలతను తీసికొనెను. కావుననే దానిని అంగీకరించుట ఎవరికిని కష్టము కాలేదు. సుమారు ఇరువది యేండ్లలో అది ఇంగ్లండు అంతటను వ్యాపించినది. ఇది ఏ ఒక్క వ్యాపారి సొత్తును కాని కొలత. విడిభాగముల చరిత్రకు ఇదియే పునాది.

కాని అమెరికా వేరు దారి పట్టెను. 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటునందు విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మరను ప్రతిపాదించెను. సమబాహు త్రిభుజపు కోణము 60 డిగ్రీలే కనుక దానిని కొలుచుటయు, సరిచూచుటయు తేలిక. మర కొనను గుండ్రముగ కాక చదునుగ ఉంచుటవలన సామాన్యమైన పనివాడును దానిని కోయగలడు. ఇందు అర అంగుళము బోల్టునకు 13 చుట్లు. ఒక్క చుట్టు తేడాయే కావచ్చును; కాని ఇంగ్లండు నట్టు అమెరికా బోల్టుపై ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకొని ఆగిపోవును.

ఇట్టి తేడా ఎంతటి నష్టము కలిగింపగలదో 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరము చవిచూచెను. అచ్చట పెద్ద అగ్నిప్రమాదము జరుగగా, ఇతర నగరములనుండి అగ్నిమాపక దళములు సహాయమునకు వచ్చెను. కాని వారి గొట్టముల కొనలు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. ఆ ప్రమాదమున 1,500కు పైగా భవనములు కాలిపోయెను. రెండవ ప్రపంచయుద్ధములో మిత్రరాజ్యములు ఒకరి యంత్రములను మరొకరు బాగుచేసికొనలేక పడిన ఇబ్బందుల ఫలితముగ, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడాలు ఒకే మరకు ఒప్పుకొనినవి. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1947లో, అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ పని ప్రారంభించినది.

చేతిలోనికి వచ్చిన మోటారు

1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఫైన్ సంస్థ విద్యుత్తుతో నడచు చేతి డ్రిల్లును నిర్మించెను. 1910లో బాల్టిమోర్ నగరమున డంకన్ బ్లాక్, అలొంజో డెకర్ అను ఇరువురు మిత్రులు ఒక సంస్థను స్థాపించిరి. తుపాకివలె పట్టుకొని, వ్రేలితో మీట నొక్కి నడుపు డ్రిల్లునకు 1917లో వారికి పేటెంటు లభించెను. నేటి చేతి డ్రిల్లుల రూపము దానినుండి వచ్చినదే.

ఈ పరికరములను విప్పిచూచినచో వాటియందు రెండు జాతుల భాగములు కనిపించును. మొదటి జాతి భాగములు ఏ సంస్థకును ప్రత్యేకము కావు. డ్రిల్లు పుల్లను పట్టుకొను చక్కు అట్టిది. ఆర్థర్ జేకబ్స్ 1902లో పేటెంటు పొందిన మూడు దవడల చక్కు పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. నిలువు డ్రిల్లు యంత్రములలో పుల్లను పట్టుకొను వాలు రంధ్రమును మోర్స్ టేపర్ అందురు. ఇది 1860ల దశకమున అమెరికాకు చెందిన స్టీఫెన్ మోర్స్ ప్రవేశపెట్టినది. సుమారు 20 మిల్లీమీటర్ల పొడవునకు 1 మిల్లీమీటరు చొప్పున వ్యాసము తగ్గుచుండు ఈ వాలు, రాపిడివలననే పుల్లను గట్టిగ పట్టియుంచును. 0 నుండి 7 వరకు అంకెలతో వీటిని గుర్తింతురు. నూరేండ్లనాటి యంత్రములో 2వ అంకె వాలు ఉన్నచో, నిన్న తయారైన 2వ అంకె చక్కు కాడ దానిలో సరిగ నిలుచును.

బేరింగు మీది అంకెలు

ఈ జాతి భాగములలో బేరింగు మిక్కిలి ముఖ్యమైనది. పాత యంత్రమునుండి తీసిన బేరింగును తుడిచిచూచినచో దాని అంచున 6203 వంటి అంకెలు కనిపించును. వీటికి అర్థము కలదు. మొదటి 6, లోతైన గాడిగల గుండ్ల బేరింగును సూచించును. తరువాతి 2, పరిమాణ శ్రేణిని తెలుపును. చివరి రెండంకెలు లోపలి రంధ్రమును తెలుపును: 00 అనగా 10 మిల్లీమీటర్లు, 01 అనగా 12, 02 అనగా 15, 03 అనగా 17. 04 నుండి ఆ అంకెను 5తో గుణించిన చాలును. అనగా 6205 బేరింగు రంధ్రము 25 మిల్లీమీటర్లు. 6203 బేరింగు లోపలి వ్యాసము 17, వెలుపలి వ్యాసము 40, మందము 12 మిల్లీమీటర్లు. స్వీడనులో చేసినను, జపానులో చేసినను, మన దేశములో చేసినను ఈ కొలతలు మారవు. అంకెలు అరిగిపోయినచో ఈ మూడు కొలతలు తీసికొని వెళ్ళిన చాలును. యంత్రము చేసిన సంస్థ పేరుతో అంగడివానికి పనిలేదు. బెల్టుల సంగతియు ఇంతే. వి-బెల్టులలో ఎ-తరగతి పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, బి-తరగతి పైవెడల్పు 17 మిల్లీమీటర్లు. తరగతియు, పొడవును తెలిసినచో బెల్టు దొరకును.

అంగడిలో దొరకని భాగములు

రెండవ జాతి భాగములు ఆ సంస్థ తనకొరకే చేసికొనినవి: పండ్లచక్రములు, పిడి, మోటారు చుట్టు, ప్రత్యేకపు స్విచ్చి. వీటికొరకు పాత సరుకు నిలువలను వెదకవలెను, లేదా చెడిపోయిన మరొక యంత్రమునుండి తీయవలెను. అదియు కుదరనిచో కొలిచి చేయించుకొనవలెను.

కొలిచి చేయుటకు గణితము తోడ్పడును. విరిగిన పండ్లచక్రమునకు 30 పండ్లు ఉన్నవనియు, వెలుపలి వ్యాసము 64 మిల్లీమీటర్లనియు అనుకొందము. పండ్ల సంఖ్యకు 2 కలిపి, దానితో వ్యాసమును భాగించినచో 2 వచ్చును. దీనినే మాడ్యూలు అందురు. ఈ సంఖ్య తెలిసినచో గేర్లు కోయు కార్ఖానావారు కొత్త చక్రమును చేసియీయగలరు. పాత బ్రిటిషు, అమెరికా యంత్రములలో వ్యాసమును అంగుళములలో కొలిచి, పండ్ల సంఖ్యకు 2 కలుపగా వచ్చినదానిని వ్యాసముతో భాగింతురు. చేతి పరికరములలో తరచుగ వాలు పండ్లు ఉండును. అప్పుడు వాలు కోణమును కూడ కొలువవలెను.

కార్బన్ బ్రష్షులది నడిమి దారి. 1885లో జార్జ్ ఫోర్బ్స్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు రాగి బ్రష్షులకు బదులు కార్బనును వాడుటకు పేటెంటు పొందెను. బ్రష్షుల పరిమాణము సంస్థనుబట్టి మారును గాని, అదే రకపు కార్బనుతో చేసిన కొంచెము పెద్ద బ్రష్షును గరుకు కాగితముపై అరగదీసి సరిపెట్టుకొనవచ్చును. అది గూటిలో బిగియక, వదులు కాక, స్ప్రింగు ఒత్తిడికి స్వేచ్ఛగ జారవలెను.

అయితే పట్టిన భాగమెల్ల తగిన భాగము కాదు. చేతి గ్రైండరు చక్రము నిమిషమునకు 11,000 సార్లు తిరుగుననుకొందము. 100 మిల్లీమీటర్ల చక్రపు అంచు అప్పుడు సెకనుకు సుమారు 58 మీటర్ల వేగముతో కదలును. అంత వేగమునకు తట్టుకొనని చక్రమును, రంధ్రము సరిపోయినది గదా యని బిగించినచో అది పగిలి ప్రాణము తీయగలదు. చక్రముపై వ్రాసిన గరిష్ఠ వేగము యంత్రపు వేగముకంటె తక్కువగ నుండరాదు. స్విచ్చి విషయమున ఆంపియర్లను, మోటారు విషయమున వోల్టులను అట్లే సరిచూడవలెను.

మన దేశములో

భారతదేశములో ప్రమాణముల నిర్ణయమునకు 1947లో భారతీయ ప్రమాణముల సంస్థ ఏర్పడినది. 1987లో దాని స్థానమున భారతీయ ప్రమాణముల బ్యూరో వచ్చినది. 1956 నాటి చట్టముతో దేశము మెట్రిక్ పద్ధతికి మారెను. అంతకు పూర్వము బ్రిటన్‌నుండి వచ్చిన లేతులు, డ్రిల్లు యంత్రములు అంగుళపు కొలతలవి. అట్టి యంత్రమునకు బోల్టు కావలసినప్పుడు తొందరపాటు కూడదు. అర అంగుళము అనగా 12.7 మిల్లీమీటర్లు; 12 మిల్లీమీటర్ల బోల్టు కంటికి దానివలెనే కనిపించును. కాని విట్‌వర్త్ మరలో చుట్టునకు చుట్టునకు మధ్య దూరము సుమారు 2.12 మిల్లీమీటర్లు, మెట్రిక్ మరలో అది 1.75 మాత్రమే. కోణములును వేరు. బలవంతముగ బిగించినచో పోత ఇనుపదిమ్మెలోని మరయే చెడిపోవును. అప్పుడు పోయినది బోల్టు కాదు, యంత్రము.

కొత్త తాళము

నేడు ఈ సమస్య మరొక రూపమున వచ్చినది. తీగ లేని డ్రిల్లు 1961లోనే వెలువడినది. 1991లో లిథియం-అయాన్ బ్యాటరీలు అంగడికి వచ్చిన తరువాత అట్టి పరికరములకు బలము పెరిగినది. 18 వోల్టుల బ్యాటరీ పెట్టెను విప్పిచూచినచో, తరచుగ 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవుగల ఘటములు కనిపించును. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, ఐదింటిని వరుసగ కలిపిన 18 వోల్టులు. ఘటపు కొలత అందరిదియు ఒకటే. కాని పెట్టె ఆకారము, దాని గాడులు, లోపలి ఎలక్ట్రానిక్ పలక ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధము. పెట్టె తయారీ ఆగినచో మోటారు బాగుగనున్న డ్రిల్లు కూడ పనికిరానిదగును. అనుభవము లేనివారు పెట్టెను విప్పి ఘటములను మార్చబూనుట అగ్నిప్రమాదమునకు దారితీయును. 2018లో జర్మనీకి చెందిన మెటాబో ముందుండి, అనేక సంస్థల పరికరములకు ఒకే బ్యాటరీని వాడు ఏర్పాటు చేసెను. 2022 డిసెంబరులో భారత వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించెను. వ్యవసాయ పరికరములును అందులో చేరియున్నవి.

180 యేండ్లకు పూర్వము విట్‌వర్త్ బోల్టునకు చేసిన పని నేడు బ్యాటరీ పెట్టెకు పూర్తిగ జరుగవలసియున్నది. అంతవరకు కొనువారు చేయదగిన పని యొకటి కలదు. యంత్రపు బలమును, వెలను విచారించునప్పుడే, దాని బేరింగు అంకె యేమి, బెల్టు తరగతి యేది, చక్కు కాడ యే కొలతది అని కూడ విచారించి, ఆ వివరములను యంత్రపు మూతలోపలి ప్రక్కన చెరగని సిరాతో వ్రాసియుంచవలెను. పాఠశాలలోని పాత యంత్రములతో విద్యార్థులచే ఈ పని చేయించినచో, వారికి కొలత నేర్పినట్లగును. ఆ యంత్రమును రేపు బాగుచేయువానికి దారియు చూపినట్లగును.