హోంవర్కు ఎప్పుడు మన ఇంటికొచ్చింది?

మా చిన్నోడు మూడో తరగతి. ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం ఫొటో వస్తుంది. పైన తేదీలు, కింద గళ్ళు. వచ్చే వారం తెలుగులో ఏ పాఠం, ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు, లెక్కల్లో ఏ అభ్యాసం, ఈవీఎస్‌లో ఏ బొమ్మ అతికించాలి, డిక్టేషన్ ఏ రోజు, అన్నీ అందులో ఉంటాయి. ఫొటో వచ్చిన అరగంటకే ప్రశ్నలు మొదలు. నాన్నల నంబర్లు కూడా గ్రూపులో ఉన్నాయి, కానీ అడిగేదంతా అమ్మలే.

దీనిమీద మా ఇంట్లో ఒక వాదన ఉంది. "మా కాలంలో అమ్మలు పలక ముందర కూర్చునేది ఎక్కడుండింది? బడి బడే, ఇల్లు ఇల్లే" అంటారు మా అత్తమ్మ. "హోంవర్కు లేకుండా ఎవరికొచ్చిందమ్మా చదువు, తాతల నాటి నుంచీ ఉండేదే కదా" అంటారు మా ఆయన. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చూద్దామని పాత సంగతులు వెతికితే, దొరికింది మా జిల్లా కథే.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు లెక్కలు పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. చాలామంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో పెద్ద ఉత్తరమే రాశాడు. మా అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది, విడిగా జిల్లా అయింది 1882లో. కాబట్టి ఆయన రాసినదాంట్లో మా ముత్తాతల ముత్తాతల బడులు కూడా ఉన్నాయన్నమాట.

జిల్లా మొత్తం మీద 533 బడులు. చదివేవాళ్ళు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది. ఈ అరవై గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పిల్లాడికి ఐదో ఏడు రాగానే చదువు మొదలు. ఆ రోజు అయ్యవారు బడి పిల్లలందరినీ వెంటబెట్టుకుని వాళ్ళింటికే వచ్చేవాడు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటే, పిల్లాడి చేత దండకం చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. మనం ఇప్పటికీ చేసే అక్షరాభ్యాసమే. మర్నాటి నుంచి బడి పొద్దున ఆరింటికి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఎక్కువ. నలభైమంది ఉన్న బడిలో చివరివాడి గతి ఏమిటని మావాడు అడిగాడు. వాడికి లెక్క ఇచ్చి కూర్చోబెట్టాను, ముప్పై ఎనిమిది అని వాడే చెప్పాడు. (ఆ వారం గళ్ళ కాగితంలో ఈ లెక్క లేదు గానీ, వాడు ఇష్టంగా చేసిన లెక్క ఇదొక్కటే.)

బద్ధకస్తులకు వేరే శిక్షలు. చేతులు రెండూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఆగకుండా కూర్చుని లేపించడం. కోదండం, గుంజీలు అని మన పెద్దవాళ్ళు చెప్పేవి ఇవే. పాత బడి ఎంత బాగుండేదో అని నిట్టూర్చేవాళ్ళు ఈ ముక్క కూడా చదవాలి. పిల్లల్ని కొట్టకూడదని చట్టంలోకి ఎక్కింది 2009 విద్యాహక్కు చట్టంతోనే.

ఇక చదువు చెప్పే పద్ధతి. అక్షరాలు ముందు నోటితో పలికించేవారు కాదు, ఇసకలో వేలితో రాయించేవారు. రాస్తూ రాస్తూ నేర్చుకోవడం. వేలు బాగా తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో, కడితం మీదనో. కడితం అంటే బట్టకు అంబలీ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, పుస్తకంలా మడిచేది. దానిమీద బలపంతో రాసి, తుడిచి, మళ్ళీ రాయొచ్చు. కొనాల్సిన నోటుబుక్కులు లేవు, అట్టలు వేసే పని లేదు. జూన్ నెలలో బ్రౌన్ పేపరు, లేబుళ్ళతో మనం పడే అవస్థ తలుచుకుంటే నాకు ఆ కడితం మీద మనసు పోయింది.

లెక్కల్లో కూడికలు, తీసివేతలు, డబ్బు లెక్కలు, కొలతలు. అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టేది భిన్నాల మీద. మన దశాంశాల్లా పదేసి వంతులు కాదు, నాలుగేసి వంతులు. పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. ఈ భిన్నాలూ ఎక్కాలూ నోటికి రావడానికి రోజుకు రెండుసార్లు పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి, పెద్దపిల్లాడు ఒకడు చెప్తుంటే అందరూ కలిసి వల్లె వేసేవారు. బడిలో సుమారుగా నాలుగు తరగతులు. పైవాళ్ళకు అయ్యవారు, కిందివాళ్ళకు పైతరగతి పిల్లలు చెప్పేవారు. చెప్పేవాడికి తన పాఠం గట్టిపడుతుంది, వినేవాడికి భయం ఉండదు. ఈ ఏర్పాటు కాంప్‌బెల్‌కు ఎంతో నచ్చింది, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబే అని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు నిజంగానే నేర్చుకుంది. మద్రాసు ఎగ్మూరులో సిపాయిల పిల్లల అనాథ బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, ఇసకలో రాయడం ఇక్కడి బడుల్లో చూసి తన బడిలో పెట్టాడు, పిల్లల చేత పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దానిమీద పుస్తకం వేశాడు. అక్కడ ఆ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు నిలిచిపోయింది.

కాంప్‌బెల్‌కు నచ్చనిదీ ఉంది. పిల్లలు పద్యాలు గడగడా చదువుతారు, అర్థం తెలీదు. కావ్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు, చాలాచోట్ల అర్థం అయ్యవారికే తెలీదు అని రాశాడు. మా ఆయన ఈ ముక్క విని, "చూశావా, బట్టీ మన వారసత్వం" అన్నారు. అవును, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

కానీ నేను వెతికింది హోంవర్కు. కాంప్‌బెల్ అరచేతిలో సున్న దాకా రాశాడు, ఇంటికి పంపే పని గురించి మాత్రం ఆ ఉత్తరంలో నాకు ఒక్క మాట కనిపించలేదు. ఆలోచిస్తే ఎలా ఉంటుంది? ఇసక బడిలో ఉంటుంది. ఎక్కాలు నలుగురూ కలిసి అరవాలి. అన్నిటికీ మించి, ఇంట్లో చూసి సరిదిద్దేది ఎవరు? ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై అంటే, మరో పదిహేను ఇరవై ఏళ్ళకు ఆ జిల్లాలో బడికి వెళ్ళొచ్చిన అమ్మలు ఎందరుంటారు? చదువు మొత్తం బడిలోనే పూర్తి కావాలి, వేరే దారి లేదు. బడి ఇంటికి వచ్చేది అక్షరాభ్యాసం రోజున. కోస్తా జిల్లాల్లో అయితే దసరాకి కూడా, పిల్లలు బాణాలు పట్టుకుని పాటలు పాడుతూ అయ్యవారితో ఇంటింటికీ తిరిగి, పప్పు బెల్లాలు తిని, అయ్యవారికి కట్నం ఇప్పించేవారు. అమ్మ చేసే పని పప్పూ బెల్లం పెట్టడమే.

వారం లెక్క కూడా అప్పట్లో వేరే. ఆదివారం సెలవు మనది కాదు. పాత చదువుల్లో అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి, పాడ్యమి అనధ్యయనం, అంటే ఆ తిథుల్లో కొత్త పాఠం చెప్పరు, చదవరు. పాడ్యమినాడు చదివితే ఉన్న చదువు కూడా సన్నగిల్లుతుందని గట్టి నమ్మకం. రామాయణంలో సీతమ్మ చిక్కిపోయిందని చెప్పడానికి హనుమంతుడు పాడ్యమినాడు చదివేవాడి చదువునే ఉపమానంగా తెచ్చాడు. ఆ సెలవుల్లో చేసుకురమ్మని పని ఇచ్చే ప్రశ్నే లేదు, చదవడమే తప్పు కదా. నెలకు నాలుగుసార్లు, చంద్రుణ్ణి చూసి, బుర్రకు విశ్రాంతి. కంపెనీ కచేరీలు, మిషనరీ బడులు వచ్చాక ఆదివారం వచ్చింది, దానితో సోమవారం నుంచి శనివారం దాకా గళ్ళు వచ్చాయి.

ఆ గళ్ళలోకి పాఠాలు రావడానికి ఇంకా కొన్ని కావలసి వచ్చాయి. మొదట అచ్చుపుస్తకం. పుదూరు సీతారామశాస్త్రి గారి బాలశిక్ష 1832 నాటిది. పుస్తకం అచ్చయితే పాఠానికి నంబరు వస్తుంది, ఫలానా పేజీ చదివి రా అనొచ్చు. 19వ శతాబ్దం రెండో సగంలో ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. పల్లె బడులకు సర్కారు ఇచ్చే డబ్బు పిల్లలు పరీక్షలో చూపించిన ఫలితాన్ని బట్టి ఉండేది. చదవడంలో ఇంత, రాయడంలో ఇంత, లెక్కల్లో ఇంత. పిల్లాడు తప్పితే అయ్యవారి కూడు తగ్గుతుంది. ఏడాది పాఠాన్ని ముక్కలు చేసి, ఏ నెలకు ఎంత అయిందో చూసుకునే తొందర అక్కడ మొదలైందని నా అనుకోలు. ఆ తర్వాత నోటుబుక్కు చవక అయింది.

ఇంకొకటి కావాలి, చదువొచ్చిన అమ్మ. 1874లో వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆడవాళ్ళకు చదువెందుకు అన్నవాళ్ళకు ఆ రోజుల్లో సంస్కర్తలు ఇచ్చిన జవాబుల్లో ముఖ్యమైనది, తల్లి చదువుకుంటే పిల్లలకు చెప్పుకుంటుంది అని. ఆ వాదన గెలిచింది, దానివల్లే నేనూ చదువుకున్నాను. కాకపోతే ఆ మాటలోనే మన సాయంత్రాల పని కూడా ఒప్పందంలా రాసి ఉంది.

అదే ఏడాది, 1874లో, పెనుగంచిప్రోలులో పుట్టింది భండారు అచ్చమాంబ. బడి ముఖం చూడలేదు, చిన్నతనంలోనే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన దగ్గర ఉండి చదువుకుంటుంటే, ఆయనతో పాటు కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. తర్వాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, 1902లో 'ధనత్రయోదశి' కథ రాసింది. ఇంటికొచ్చిన పుస్తకం వల్ల ఒక ఆడమనిషికి మేలు జరిగిన కథ ఇది, అందుకే నేను హోంవర్కును పూర్తిగా తిట్టలేను. మావాడి ఈవీఎస్ పుస్తకంలో నేనూ రెండు కొత్త సంగతులు నేర్చుకున్నాను. కానీ అచ్చమాంబ తనకోసం కూర్చుంది. శుక్రవారం ఫొటో చూసి కూర్చోవడం వేరే పని.

ఈ బరువు ఎక్కువైందని పెద్దవాళ్ళు గుర్తించి కూడా చాన్నాళ్ళే అయింది. రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మాట్లాడినప్పుడు పిల్లల పుస్తకాల సంచుల గురించే మాట్లాడారు. తర్వాత యశ్‌పాల్ కమిటీ వేశారు. వాళ్ళు 1993లో ఇచ్చిన 'భారం లేని చదువు' నివేదికలో, ప్రాథమిక తరగతులకు హోంవర్కే వద్దన్నారు, ఇంటి చుట్టూ ఉన్నవాటిని చూసి తెలుసుకునే పని తప్ప. తెలంగాణలో 2017లో సంచి బరువుకు కొలతలు పెట్టి, ప్రైమరీ పిల్లలకు హోంవర్కు వద్దని ఉత్తర్వు ఇచ్చారు. 2018లో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వొద్దంది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో లెక్క ఇంకా వివరంగా ఉంది. రెండో తరగతి దాకా హోంవర్కు లేదు. మూడు నుంచి ఐదు దాకా ఎక్కువలో ఎక్కువ వారానికి రెండు గంటలు.

రోజుకు కాదు, వారానికి. నేను రెండుసార్లు చదివి నిర్ధారించుకున్నాను. తర్వాత ఒక వారం గడియారం పెట్టుకుని రాశాను. సోమవారం గంటా పది నిమిషాలు, మంగళవారం యాభై నిమిషాలు. మంగళవారం రాత్రి భోజనాల వేళకే మా వారం అయిపోయింది. శనివారానికి మొత్తం ఐదుగంటల నలభై నిమిషాలు తేలింది. ఆ కాగితం మా ఆయనకు చూపించాను. ఆయన ఏమీ అనలేదు, మరుసటి సోమవారం డిక్టేషన్ మాత్రం ఆయనే చెప్పించారు. అత్తమ్మ వంటింట్లోంచే "నేను చెప్పలా" అన్నారు.

వచ్చే నెల తల్లిదండ్రుల మీటింగు ఉంది. పాలసీలో ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకున్నాను, పక్కన నా వారం లెక్క కూడా. టీచరమ్మను నిలదీయడానికి కాదు, ఆవిడకూ ఇద్దరు పిల్లలు, ఆవిడకూ పైనుంచి గళ్ళ కాగితం వస్తుంది. పనిని రెండు గంటలకు కుదించి, మిగిలిన ఎక్కాలు బడిలోనే వరసల్లో నిలబెట్టి చెప్పించమని అడగాలని ఉంది. మీ పిల్లలు మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఉంటే మీరూ ఒక వారం రాసి చూడండి, ఎంత తేలిందో నాకు చెప్పండి. ఒకటి, రెండు తరగతులైతే రాసే పని లేదు, ఆ గడిలో ఉండాల్సింది సున్నే.