యాదగిరి పాట ఎవరి మీద కట్టింది?

సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోల్కొండ. ‘బండెనక బండి కట్టి’ పాటలో ఊళ్లు ఈ వరుసలో వస్తాయి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బయలుదేరిన పాట నేరుగా నైజాం కోట కిందికి పోయి, నీకు అక్కడే ఘోరీ కడతామని సర్కారుకు ఎదురుగా చెబుతుంది. విన్నపం లేదు, మొర లేదు. ఉన్నదంతా సవాలే.

ఈ పాట కట్టిన బండి యాదగిరి నల్లగొండలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నవాడు. పాట ఏ రోజుల్లో పుట్టిందో పాటే చెబుతుంది. నైజాం సర్కారును నాజీలతో పోలుస్తాడు యాదగిరి. ఎక్కడి హిట్లర్, ఎక్కడి సూర్యాపేట! రెండో ప్రపంచ యుద్ధం కబుర్లు ఆంధ్ర మహాసభ సంఘం సభల మీదుగా పల్లెలకు చేరిన కాలం అది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య బలయ్యాడు. అక్కడి నుంచి ఊరూరా వడిసెలలు లేచాయి. వడిసెల రాళ్లు, కండ్లలో చల్లిన కారం నీళ్లు, పారిపోయిన మిలిటరీ అన్నీ ఈ పాటలో ఉన్నాయి. ఆడా మగా కలిసి కొట్లాడిన సంగతి కూడా ఉంది. ఒక ఊరు ఎట్లా కొట్లాడిందో పక్క ఊరికి చెప్పాలంటే అప్పుడు పాటను మించిన సాధనం లేదు. చదువు రానివాళ్లకు అదే పత్రిక, అదే యుద్ధ శిక్షణ.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అయినా పాట పోలేదు. 1979లో తీసిన ‘మా భూమి’ దాన్ని మళ్లీ రాష్ట్రమంతా తిప్పింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతం ఘోష్ తీసిన సినిమా అది. నిర్మాతల్లో బి. నర్సింగరావు ఒకరు. వింజమూరి సీత, నాగభూషణం సంగీతం చేశారు. గద్దర్ తెర మీద కనిపించి తనే పాడాడు. ఈ పాట అనగానే చాలామంది చెవిలో ఇప్పటికీ మోగేది ఆ గొంతే.

ఇలా ఎదురుగా నిలబడి సవాలు చేసే పాటలు అమెరికాలో ఒక ఆల్బంలో కూడా వచ్చాయి. లాస్ ఏంజెలిస్ పక్కనున్న కాంప్టన్ నుంచి ఎన్.డబ్ల్యు.ఏ. అనే నల్ల యువకుల బృందం 1988లో ‘స్ట్రెయిట్ ఔటా కాంప్టన్’ విడుదల చేసింది. గ్యాంగ్‌స్టా ర్యాప్‌ను ప్రపంచానికి ఎక్కించిన ఆల్బం ఇదే. తమ ఊరి పేరు చెప్పుకుని, తమను వేధించే పోలీసులను నువ్వు అని పిలిచి తిట్టింది. మరుసటి ఏడు ఎఫ్‌బీఐ అధికారి ఒకరు రికార్డు కంపెనీకి అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశాడు. 2017లో అదే దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ ఆల్బంను భద్రపరచాల్సిన ధ్వనుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు వింటే పోలీసుల మీది కోపం చెక్కుచెదరకుండా ఉంది. ఆడవాళ్ల గురించి అందులో ఉన్న మాటలు మాత్రం భరించలేం. ఈ ఒక్క విషయంలో యాదగిరి పాట ఎంతో ముందుంది. అందులో ఆడవాళ్లు తోటి యోధులు.

మరి యాదగిరి పాటలో లోపం లేదా? ఉంది, అది చిన్నది కూడా కాదు. సినిమా ద్వారా స్థిరపడిన పాఠంలో నువ్వు అని పిలిచే శత్రువు నైజాం ఒక్కడే. పల్లెలో జనం నెత్తిన కూర్చున్నది ఎవరు? పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్ర ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలు, సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవి. వెట్టి చేయించుకున్నది, పాలకుర్తి ఐలమ్మ పంట మీదికి మనుషులను పంపింది గడీల దొరలు. నైజాం వాళ్లకు అండ. ఆ అండ 1948 సెప్టెంబరులో పోయింది. కానీ అంతకుముందు పారిపోయిన దొరలు భారత యూనియన్ సైన్యం వచ్చాక తిరిగొచ్చారు, పంచిన భూములు గుంజుకున్నారు. అందుకే పోరాటం ఇంకో మూడేళ్లు సాగింది.

యాదగిరి పాటకు ఇంకో పాఠం ఉంది. అందులో నైజాం ఉన్నచోట ప్రతాపరెడ్డి పేరు పలుకుతారు. పేరు మార్చినా పాట దరువు ఎక్కడా తడబడదు. ఏ ఊళ్లో పాడితే ఆ ఊరి దొర పేరు పెట్టుకునే వీలు దాని కట్టుబడిలోనే ఉంది. నా లెక్కలో యాదగిరి ప్రతిభ అంతా అక్కడుంది. మనం ఒక్క పేరునే పట్టుకుని మిగతావి వదిలేశాం. దానితో దొరలకు వ్యతిరేకంగా జరిగిన పోరాటాన్ని కేవలం మతాల మధ్య తగాదాగా చెప్పేవాళ్లకు కూడా ఈ పాట అక్కరకొస్తున్నది. ఇది నాకు మింగుడుపడదు.

‘మా భూమి’లోనే ఉన్న సుద్దాల హనుమంతు పాట ‘పల్లెటూరి పిల్లగాడా’ ఈ వెలితిని పూడుస్తుంది. జీతానికి ఉన్న పసులకాపరి పిల్లవాడిని అక్కున చేర్చుకుని అడిగే పాట అది. సవాలు లేదు, కానీ దొరతనం పిల్లవాడి ఒంటి మీద కనబడుతుంది. ఈ రెండు పాటలనూ కలిపే వినాలి.

పాలమూరు గోరటి వెంకన్న దగ్గరికి వచ్చేసరికి పాట తీరే మారింది. ‘కుబుసం’ సినిమాతో 2002లో ఇంటింటికీ చేరిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’లో కులవృత్తులు కూలాయి, ఊరు బోసిపోయింది. చేసిందెవరని వెతికితే ముఖం కనబడదు. మార్కెట్‌ను నువ్వు అని పిలిచి ఘోరీ కడతామనడం ఎట్లా? అందుకే అది ఏడ్చింది. యాదగిరికి ఆ చిక్కు లేదు, అతని ఎదురుగా మనిషి ఉన్నాడు.

ఏటా సెప్టెంబరు 17న మన సూర్యాపేట, నల్లగొండ జిల్లాల వేదికల మీద ఈ పాట పాడేవాళ్లను నేను అడిగేది ఒకటే. నైజాం పాఠం తర్వాత ప్రతాపరెడ్డి పాఠమూ పాడండి. ప్రతాపరెడ్డి ఎర్రపహాడ్ గడీ గురించి పిల్లలు అడుగుతారు. చెప్పండి.