రాతిగొడ్డలికి కొత్త కామ

కామ లేని గొడ్డలి చెట్టును నరకజాలదని పల్లెలోని పసివారు కూడ ఎరుగుదురు. మ్యూజియముల అద్దపు పెట్టెలలోని రాతిగొడ్డళ్ళలో చాలవాటికి కామలు లేవు. కర్ర ఏనాడో నేలలో చివికిపోయినది. అట్టి గొడ్డళ్ళకు తిరిగి కామలు వేయుటవలన డెన్మార్కు దేశమున శాస్త్రజ్ఞుల సందేహ మొకటి తీరినది.

చిత్తడినేలల పొరలలో వేల ఏండ్లుగా నిలిచియున్న పుప్పొడిని ఆ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు యోహానెస్ ఈవర్సెన్ సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఒక పొరలో అడవిచెట్ల పుప్పొడి తగ్గి, ధాన్యపు మొక్కల యొక్కయు కలుపుమొక్కల యొక్కయు పుప్పొడి కానవచ్చినది. నవీన శిలాయుగపు రైతులు అడవి నరికి, కాల్చి, సేద్యము చేసిరని 1941లో ఆయన ప్రకటించెను. కాని రాతిగొడ్డలితో అడవిని నరకుట సాధ్యమా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకై 1952లో ఈవర్సెన్, పురాతత్త్వజ్ఞుడు యోర్గెన్ ట్రోల్స్-స్మిత్ దక్షిణ జట్లాండ్‌లోని డ్రావెడ్ అడవికి పోయిరి. కోపెన్‌హేగన్ జాతీయ మ్యూజియములోని చెకుముకిరాతి గొడ్డళ్ళను తెచ్చిరి. సిగర్స్‌లెవ్ చిత్తడినేలలో చెడకుండ దొరికిన పురాతనపు కామను చూచి, అదే తీరున ఆష్ కర్రతో కొత్తవి చేయించి తొడిగిరి.

మొదట వృత్తిగా చెట్లు కొట్టువారు పని ప్రారంభించిరి. ఇనుపగొడ్డలి అలవాటున వారు భుజబలమంతయు చూపి బారుగా విసరగా, పెళుసైన రాతి వాదర పెచ్చులూడినది. తరువాత మోచేతిని, మణికట్టును మాత్రమే కదలించుచు చిన్న వేట్లు త్వరత్వరగా వేసిరి. చెట్లు కూలినవి! ముగ్గురు మనుష్యులు నాలుగు గంటలలో సుమారు 500 చదరపు మీటర్ల నేలను చదును చేసిరి. 35 సెంటీమీటర్లకు మించిన మ్రాకులను నరకక, చుట్టును బెరడు కోసి ఎండనిచ్చిరి. ఒక గొడ్డలి, సాన పట్టకుండగనే, నూరు చెట్లకు పైగా కూల్చినది.

ఆ కాలపు ఎల్మ్ చెట్ల క్షీణతకు తెగులు కూడ కారణము కావచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు సూచించిరి. అయినను, రాతిగొడ్డలితో పొలము సిద్ధపరచుట సాధ్యమేయని ఈ ప్రయోగము రుజువు చేసినది.

నేడు ఇట్టి ప్రయోగములకు సాధారణముగా నకళ్ళనే వాడుదురు. ఏలయన, పాత వాదర మీది సన్నని గీతలు ఆనాటి పనికి సాక్ష్యములు. కొత్త వేట్లతో అవి చెరిగిపోవును. ఇంటి అటకమీద తాతలనాటి పనిముట్టు దొరికినపుడు, సాన పట్టుటకు ముందు దాని అరుగుదలను శ్రద్ధగా పరిశీలించుట మేలు.