దాశాపరాధము, దైవికము: ఓడ మునిగినప్పటి ధర్మము

బాపట్ల జిల్లా చినగంజాం సమీపమున సముద్రతీరములో మోటుపల్లి గ్రామము కలదు. అచ్చటి వీరభద్రస్వామి ఆలయములో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి అభయశాసనము శిలాస్తంభముపై చెక్కబడియున్నది. అది శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటిది.

తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, గజాశ్వములు, రత్నములు మొదలగు సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా హరించెడివారని ఆ శాసనము దాపరికము లేక చెప్పుచున్నది. సముద్రము మిగిల్చినదానిని రాజు మిగల్చలేదన్నమాట! గణపతిదేవుడు కరుణతోను, కీర్తిధర్మముల కొరకును, నియతమైన సుంకము తప్ప మిగిలిన దానినంతయు ఆ వర్తకులకే విడిచిపెట్టెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. ఓడ పగిలినంతమాత్రమున సరకుపై స్వామ్యము నశింపదనుటయే ఇందలి ధర్మసూక్ష్మము.

ఇది రాజునకును వర్తకునకును నడుమ నిర్ణయము. సరకు ఓడలో ఉండగానే చెడినచో ఆ నష్టమును ఎవరు భరింపవలెను?

మనుస్మృతి అష్టమాధ్యాయములో 408, 409 శ్లోకములు ఈ ప్రశ్నకు సమాధానమిచ్చుచున్నవి. నావికుల దోషముచే నావలో ఏది చెడినను నావికులందరు కలసి, ఎవరి వంతు వారు చొప్పున, దానిని ఇచ్చుకొనవలెను. దైవికముగా కలిగిన నష్టమునకు మాత్రము దండము లేదు. అందరును ఏల ఇయ్యవలెను? చుక్కాని పట్టినవాడొకడు, తెడ్డు వేసినవాడొకడు, నీరు తోడవలసినవాడు మరియొకడు. నడిసముద్రములో ఎవరు ఏమరిరో సరకు యజమానికి తెలియు ఉపాయము లేదు. ఒకరిపై ఒకరు నెపము వేసికొనుచుండగా అతడు రిక్తహస్తములతో ఇంటికి మరలకుండుటకే ఈ ఏర్పాటు అని గ్రహించుట యుక్తము.

దైవికమను పదము మిక్కిలి జాగరూకతతో వాడవలసినది. నష్టపోయినవాడు ఇది నా ప్రారబ్ధమని మనస్సును ఊరడించుకొనుట వివేకమే. నష్టము కలిగించినవాడు అదే మాట పలుకుట వివేకము కాదు, వంచన. కౌటిల్యుడు ఈ విషయమున కఠినుడు. తగినంతమంది మనుష్యులు లేకయో, ఉపకరణములు లేకయో, మరమ్మతు చేయింపకయో నావ నశించినచో, రాజోద్యోగియైన నావధ్యక్షుడే పోయినదానికి బాధ్యుడని అర్థశాస్త్రము విధించినది. గాలి వీచుట దైవికమే కాని, పుచ్చిన పలకతో నావను నీట దించుట దైవికము కాదు గదా! గాలివాన తాకిడికి దారితప్పిన నావను నావధ్యక్షుడు తండ్రివలె ఆదుకొనవలెననియు, నీటిచే చెడిన సరకునకు సుంకము పూర్తిగానో సగమో విడువవలెననియు చెప్పినవాడును ఆ కౌటిల్యుడే.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయములో ఇదే న్యాయమును వాహకులందరికి వర్తింపజేసెను. రాజు వలనను దైవము వలనను కాక మరేవిధముగా సరకు నశించినను, మోసికొనిపోవువాడు దానిని ఇచ్చుకొనవలసినదే. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను కేతన 13వ శతాబ్దములో 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించెను. మోటుపల్లి శాసనమును ఆ శతాబ్దమునకు చెందినదే.

ఇక నష్టమును పంచుకొనుట. కలసి వ్యాపారము చేయు వర్తకులకు లాభనష్టములు పెట్టుబడిని అనుసరించియో, ముందుగా చేసికొన్న ఒడంబడికను అనుసరించియో చెందునని యాజ్ఞవల్క్యుని మాట. ఆపదనుండి సరకును రక్షించినవానికి అందులో దశమాంశము లభించును. పరస్పర సంబంధము లేని వర్తకుల సరకులు ఒకే ఓడలో ఉన్నపుడు ఏమి చేయవలెనో రోమనుల ధర్మశాస్త్రము రోడ్స్ ద్వీపపు ఆచారముగా పేర్కొని వివరించినది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి ప్రకటింపజేసిన సంకలనములో అది కలదు. ఓడను తేలిక చేయుటకు ఒకని సరకును కడలిలో విసరివేసినచో, దానివలన ఎవరెవరి సొత్తు దక్కెనో వారందరును, ఓడ యజమానితో సహా, ఆ నష్టమును పంచుకొనవలెను. వ్రేలి ఉంగరమునకు సైతము వంతు కట్టిరి. స్వతంత్రుల ప్రాణములకు మాత్రము వెల కట్టరాదని విడిచిరి. 2021లో సూయజ్ కాలువకు అడ్డముపడిన 'ఎవర్ గివెన్' నౌక యజమానులు సరకుదారులను వంతు కోరినది ఈ న్యాయపరంపరను అనుసరించియే.

గణపతిదేవుని అనంతరము మోటుపల్లిలో ఆ మాట మరల చెప్పవలసివచ్చెను. క్రీ.శ. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి సముద్రవర్తకులకు అభయమిచ్చుచు అచ్చటనే మరియొక శాసనము వేయించెను.