మా ఆడవాళ్ళను కొలిచిందెవరు?

"మీరు సాయబుల లెక్క లేరే!" సూర్యాపేటలోనో కోదాడలోనో ఈ మాట వినని ముస్లిం ఆడమనిషి ఉండదు. తురకామె అంటే తెల్లగా, ఒడ్డూ పొడుగూ ఉండాలట. మేం అరబ్బు నుంచో తుర్కీ నుంచో దిగుమతి అయినవాళ్ళం గనుక మా ఒళ్ళే వేరంటారు. జాన్‌పహాడ్ ఉర్సుకు వచ్చే ఆడవాళ్ళను చూడండి. బట్టా బొట్టూ పక్కనబెడితే ఎవరు దూదేకుల, ఎవరు లంబాడీ, ఎవరు గౌడ అని తేల్చి చెప్పే మొనగాడు ఎవడు?

ఒంటిని కొలిచి జాతిని తేల్చే పిచ్చి ఈ దేశానికి తెల్లదొరలు తెచ్చారు. హెర్బర్ట్ రిస్లే ముక్కు పొడవూ వెడల్పూ కొలిచి కులాల ఎక్కువతక్కువలు లెక్కగట్టాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనర్. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కూడా కొలత పనిముట్లు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. దూదేకులవాళ్ళూ అందులోకెక్కారు. మన కోదాడ పక్కనున్న మునగాల పరగణా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే, కాబట్టి ఈ కథ మనకు దూరమేం కాదు.

ఈ దొరలు కొలిచింది ఎక్కువగా మగవాళ్ళనే. వైనాడులో పనియ ఆడవాళ్ళు థర్‌స్టన్‌ను చూసి, తమలో బాగున్నవాళ్ళను మ్యూజియంలో బొమ్మలుగా నిలబెట్టడానికి వచ్చాడనుకున్నారట. ఆ సంగతి ఆయనే వేడుకగా రాసుకున్నాడు. మాకైతే ఆ ఆడవాళ్ళ భయంలోనే ఎక్కువ తెలివి కనిపిస్తుంది.

ఆడవాళ్ళ కొలతలు పెద్ద ఎత్తున తీసింది అమెరికాలో. 1939, 40 సంవత్సరాల్లో అక్కడి వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిచింది, ఒక్కొక్కరికి 59 కొలతలు. రెడీమేడ్ బట్టల సైజులకు అదే పునాది అయింది. కాని లెక్కల్లోకి తీసుకున్నది తెల్ల స్త్రీలనే. నల్లవాళ్ళు బట్టలు కట్టరా? మన దేశానికి సొంత సైజుల పట్టిక కావాలని నిఫ్ట్ సంస్థ ఇంకా ఎంతో కాలం తర్వాతగాని పూనుకోలేదు. ఆ సర్వేకు ఎంచిన నగరాల్లో హైదరాబాదు ఉంది.

మా మూడు ఊళ్ళలో ఆ పని మేర అన్నలు, మా దర్జీలు ఏనాడో చేశారు. పరదాలో ఉన్న ఆడమనిషి దుకాణానికి రాదు, ఆది జాకెట్టు పిల్లగాడి చేతికిచ్చి పంపుతుంది. దర్జీ ఆ జాకెట్టునే కొలుస్తాడు. కులం అడగడు, ముక్కు చూడడు. కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాడు. పెళ్ళినాటి ఒళ్ళు ఇద్దరు పిల్లలయ్యాక ఉండదని, నలభై దాటితే నడుము మారుతుందని అతనికి తెలుసు. ముట్లుడిగాక కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుందని, వయసు పైబడితే వెన్ను కుంగి ఎత్తు తగ్గుతుందని డాక్టర్లు చెప్పేది, అతను కుట్లు విప్పి చూసుకున్నాడు.

మరి జాతిని బట్టి తేడాలే లేవా? ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే బరువున్నా యూరపు స్త్రీకంటే మన స్త్రీ ఒంట్లో కొవ్వు ఎక్కువ. అందుకే అమెరికా వైద్యులు స్త్రీ నడుముకు 88 సెంటీమీటర్లు హద్దు పెడితే, మన వైద్యులు 2009లో 80 అన్నారు. ఆ 80లో పఠానుకు వేరే, మాదిగకు వేరే, రెడ్డికి వేరే అని లేదు. అందరం ఒకే టేపు కిందికి వచ్చినం!

ఎత్తు సంగతి ఇంకా స్పష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను కొలిచింది. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత ఉన్న ఇళ్ళ పిల్లలు అయిదేళ్ళ దాకా అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా పెరిగారు. ఒమన్ అరబ్బు బిడ్డకు, ఢిల్లీ బిడ్డకు తేడా రాలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1998–99 నుంచి మన ఆడవాళ్ళ ఎత్తు కొలుస్తోంది. 145 సెంటీమీటర్లకు తక్కువుంటే కాన్పు కష్టమవుతుందని హెచ్చరిక. మిర్యాలగూడ రైసుమిల్లులో కూలిచేసే మా ఖాలా ఎత్తు ఆగిపోయిందంటే కారణం వంశంలో వెతకొద్దు, బియ్యం బస్తాల నడుమ బతికీ ఆమె చిన్నప్పుడు తిన్నదేమిటో అడగండి.

సంబంధాలు చూసేటప్పుడు మా పెద్దమనుషులు అడుగుతారు: పిల్ల ఎంత ఎత్తు? రంగేమిటి? అసలు సయ్యదులేనా? ఆ పిల్లకు పాలు, గుడ్డు దొరికాయా అని అడిగినవాణ్ణి మేం ఇంకా చూడలేదు.